మూడు గేర్లు, అరవై ఏళ్లు: పాత సైకిలులో దొరికిన స్టర్మీ ఆర్చర్ హబ్బు

పాత సైకిలు ఎక్కడ కనబడినా నేను వంగి వెనుక చక్రం మధ్యభాగం చూస్తాను. అక్కడ లావుపాటి ఉక్కు హబ్బు ఉండి, కుడివైపు ఇరుసులోంచి వేలెడు పొడవున సన్నటి గొలుసు బయటికి వస్తూ ఉంటే, ఇక ఆ సైకిలును వదిలి రావడం నాకు కష్టం. హబ్బు మీద గడ్డకట్టిన మసిని బొటనవేలితో రుద్దితే అక్షరాలు తేలతాయి. ఈసారి తేలినవి: స్టర్మీ ఆర్చర్, ఏడబ్ల్యూ, 62, 5. ఏడబ్ల్యూ నమూనా పేరు, మిగతావి తేదీ. అంటే 1962 మే నెలలో తయారైన మూడు గేర్ల హబ్బు. ఎనిమిది నెలలుగా దాని మీదే తిరుగుతున్నాను. ఈ సమీక్ష ముఖ్యంగా ఆ హబ్బు గురించి. దాన్ని మోసుకొచ్చిన సైకిలు కథ కూడా చెప్పక తప్పదు, ఎందుకంటే మంచి హబ్బు ఉన్నా ఫ్రేము వంకరపోయిన సైకిలు కొంటే చేసిన పని అంతా వృథా అవుతుంది.

సైకిలు ఒక పెద్దావిడ ఇంటి షెడ్డులో, పాత కుర్చీల వెనుక ఉంది. "ఇరవై ఏళ్లయింది బాబూ, దీన్ని ఎవరూ కదపలేదు. ఆయన తొక్కేటప్పుడు మాత్రం గడియారంలా టిక్కుటిక్కుమనేది" అన్నారు. నేను వెనుక చక్రం ఎత్తి తిప్పాను. చక్రం తిరిగింది కానీ చప్పుడు లేదు. ఆవిడ చెప్పిన ఆ ఒక్క మాట నాకు సగం రోగనిర్ధారణ చేసి పెట్టింది. ఈ హబ్బు లోపల సన్నటి తీగ స్ప్రింగుల మీద లేచి పడే చిన్న ఉక్కు కొక్కేలు ఉంటాయి. అవి పళ్ల మీదుగా జారుతున్నప్పుడు వచ్చేదే ఆ టిక్కు. ఒకప్పుడు టిక్కుమన్న హబ్బు ఇప్పుడు మౌనంగా ఉందంటే లోపలి నూనె ఎండి జిగురై కొక్కేలను అంటించేసి ఉండాలి. విరిగిన హబ్బు అయితే తిప్పినప్పుడు గరగరలాడుతుంది, ఎక్కడో ఒకచోట పట్టేస్తుంది. ఇది మెత్తగా, బరువుగా తిరిగింది. "తీసుకుంటానండీ, కానీ ముందు ఫ్రేము చూడనివ్వండి" అన్నాను.

ఫ్రేము చూడడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలకు బద్ధకించవద్దు. ముందు గొట్టం, అంటే హ్యాండిల్ దిగే గొట్టం, దాని వెనుక రెండు గొట్టాలు కలిసే చోట కింది వైపు వేలితో తడమాలి. సైకిలు ఎప్పుడైనా ఎదురుగా దేనికైనా గుద్దుకుని ఉంటే అక్కడ చిన్న ఉబ్బు తగులుతుంది, లేదా రంగు ముడతలు పడి ఉంటుంది. తర్వాత పక్కనుంచి నిలబడి ఫోర్కును, అంటే ముందు చక్రాన్ని పట్టుకున్న రెండు కాళ్ల భాగాన్ని, చూడాలి. ఫోర్కు పైభాగం ముందు గొట్టంతో ఒకే గీతలో దిగి, చివర మాత్రమే ముందుకు వంగాలి. మొదలు దగ్గరే వెనక్కి వాలి ఉంటే దెబ్బతిన్నదే. రెండేళ్ల క్రితం ఫోటోలు మాత్రమే చూసి ఒక సైకిలు తెప్పించుకున్నాను. ఫోటోలన్నీ ముందు వైపు నుంచి తీసినవే. పెట్టె విప్పి పక్కనుంచి చూస్తే ఫోర్కు వెనక్కి తిరిగి ఉంది. అమ్మినవారు సమాధానమే ఇవ్వలేదు. అప్పటి నుంచి సరిగ్గా పక్కనుంచి తీసిన ఫోటో పంపనివారి దగ్గర నేను కొనడం లేదు. మీరూ అడగండి. పంపకపోతే ఆ బేరం వదిలేయండి.

ఇక సీటు గొట్టం, హ్యాండిల్ కాడ కదులుతున్నాయో లేదో చూడాలి. ఉక్కు ఫ్రేములో అల్యూమినియం సీటు గొట్టం ఏళ్ల తరబడి ఉండిపోతే రెండు లోహాల మధ్య తడి చేరి అతుక్కుపోయినట్టు బిగుస్తుంది. నా సైకిలులో రెండూ ఉక్కువే. నట్టు వదులు చేసి కొద్దిగా నూనె పోసి మెలితిప్పగానే గొట్టం కదిలింది. ఆ క్షణంలోనే కొనాలని నిర్ణయించుకున్నాను. తుప్పు, చినిగిన టైర్లు, సొట్టపోయిన మడ్గార్డు, ఊడిన రంగు నన్ను ఎప్పుడూ భయపెట్టలేదు. అవన్నీ ఓపికతో తీరేవే.

ఇప్పుడు హబ్బు సంగతి. స్టర్మీ ఆర్చర్ పేరు హెన్రీ స్టర్మీ, జేమ్స్ ఆర్చర్ అనే ఇద్దరి నుంచి వచ్చింది. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో 1902లో ఈ మూడు గేర్ల హబ్బుల కథ మొదలైంది. ఏడబ్ల్యూ నమూనా 1936లో వచ్చింది. 2000లో ఆ వ్యాపారం తైవాన్‌కు చెందిన సన్‌రేస్ చేతికి వెళ్లింది, తయారీ అక్కడికి మారింది. ఇన్ని దశాబ్దాల పాటు మూల నమూనా పెద్దగా మారకపోవడం వల్ల మనకు కలిగే మేలు ఒకటుంది. ఒక దశకంలో చేసిన హబ్బులోని విడిభాగాలు చాలా వరకు మరో దశకంలో చేసిన దానిలో అమరుతాయి. నేను ఒక చెడిపోయిన హబ్బును కేవలం విడిభాగాల కోసం డబ్బాలో దాచి ఉంచాను.

లోపలి అమరిక చూస్తే నాకు ఇప్పటికీ ఆనందమే. మధ్యలో ఇరుసుకే చెక్కిన 20 పళ్ల చక్రం ఉంటుంది, అది కదలదు. దాని చుట్టూ 20 పళ్ల చిన్న చక్రాలు నాలుగు తిరుగుతాయి. వాటన్నిటినీ చుట్టి లోపలివైపు 60 పళ్లున్న వలయం ఉంటుంది. చిన్న చక్రాలు కూర్చున్న చట్రాన్ని తిప్పితే వలయం మూడింట ఒక వంతు ఎక్కువ వేగంగా తిరుగుతుంది, అదే మూడో గేరు. వలయాన్ని తిప్పి చట్రం నుంచి కదలిక తీసుకుంటే నాలుగింట మూడు వంతుల వేగం వస్తుంది, అది మొదటి గేరు. రెండో గేరులో ఈ పళ్ల మధ్య శక్తి మారదు, చైను లాగినంత వేగంతోనే చక్రం తిరుగుతుంది. అందుకే రెండో గేరులో తొక్కడం అంత తేలిగ్గా ఉంటుంది. మొదటి గేరులో తొక్కుతున్నప్పుడు టిక్కు వినబడదు. రెండు, మూడు గేర్లలో వినబడుతుంది. మొదటి గేరులో ఉన్నానో లేదో చెవికే తెలుస్తుంది కాబట్టి నేను హ్యాండిల్ మీది మీటను దాదాపు చూడను.

పాత హబ్బు చేతికి రాగానే విప్పాలని చేతులు ఉవ్విళ్లూరతాయి. దయచేసి వెంటనే విప్పకండి. ముందు నూనెతో ప్రయత్నించండి. హబ్బు మీద చిన్న మూత ఉంటుంది, అదే నూనె పోసే ద్వారం. నేను కిరోసిన్‌లో పలుచటి యంత్రాల నూనె కలిపి ఒక చెంచాడు పోశాను. చక్రాన్ని నిమిషం పాటు తిప్పి, పళ్లచక్రం వైపు కిందికి వచ్చేలా రాత్రంతా పడుకోబెట్టాను. తెల్లారేసరికి కింద పరిచిన కాగితం మీద బెల్లం పాకం రంగులో చిక్కటి మరక. మళ్లీ పోసి ఈసారి రెండో వైపు పడుకోబెట్టాను. ఆ మరక నల్లగా ఉంది, అందులో సన్నటి మెరుపు. వేళ్ల మధ్య రుద్ది చూశాను. రవ్వలు తగల్లేదు, అంటే పళ్లు విరగలేదు. మూడో రోజు చక్రం ఎత్తి తిప్పితే మొదట ఒక టిక్కు, కాసేపు ఆగి మరొకటి. తిప్పుతూనే ఉన్నాను. సాయంత్రానికి వరసగా, సమంగా టిక్కుటిక్కులు. పెద్దావిడ చెప్పిన గడియారం చప్పుడు అదే అయి ఉండాలి.

కిరోసిన్ మురికితో పాటు బేరింగుల్లోని గ్రీజును కూడా కడిగేస్తుందని మరవకండి. అది పూర్తిగా కారిపోయాక రెండు వైపులా మూతలు తీసి బేరింగు గుండ్లకు కొత్త గ్రీజు పెట్టాను. గేర్లున్న లోపలి భాగంలో మాత్రం గ్రీజు నింపకూడదు. ఆ కొక్కేల స్ప్రింగులు వెంట్రుక కన్నా కొంచెం లావు ఉంటాయంతే. చిక్కటి గ్రీజులో కొక్కేలు లేవలేవు. అక్కడికి నూనే. మొక్కల నూనె కలిసిన రకాలు ఎండి మళ్లీ జిగురవుతాయి, అవి వద్దు. నేను మామూలు ఇంజన్ ఆయిల్ వాడుతున్నాను, నెలకు నాలుగైదు చుక్కలు.

హబ్బు పాడైపోయిందని చాలామంది పారేసే సందర్భాల్లో అసలు లోపం కేబుల్ బిగింపులో ఉంటుంది. సరిచూసే పద్ధతి చెబుతాను. మీటను రెండో గేరులో పెట్టండి. కుడివైపు ఇరుసు నట్టుకు చిన్న కిటికీ ఉంటుంది. అందులోంచి చూస్తే గొలుసును పట్టుకున్న సన్నటి కడ్డీ కనబడుతుంది. గొలుసు మొదలయ్యే చోట ఆ కడ్డీ అంచు ఇరుసు చివరతో సరిసమానంగా ఉండాలి. గొలుసును లోపలికి పూర్తిగా తిప్పి, కేబుల్ దిశకు వచ్చేందుకు మాత్రం అర చుట్టు లోపు వెనక్కి తిప్పాలి. మూడో గేరులో కేబుల్ కొంచెం వదులుగా ఉండాలి. ఇది సరిగ్గా లేకపోతే ఏమవుతుందో కూడా తెలియాలి. ఈ నమూనాలో రెండో గేరుకూ మూడో గేరుకూ మధ్య ఏ గేరూ పట్టని ఖాళీ ఒకటుంది. బిగింపు తప్పితే, నిలబడి బలంగా తొక్కుతున్నప్పుడు హఠాత్తుగా పెడల్ ఖాళీగా జారిపోతుంది. మోకాలు హ్యాండిల్‌కు తగలవచ్చు, మనిషి పడిపోవచ్చు. అందుకే మొదటి పది కిలోమీటర్లు సీటు మీద కూర్చునే తొక్కండి. కేబుల్ కొత్తదైతే కొంత సాగుతుంది, ఆ తర్వాత మళ్లీ ఒకసారి కిటికీలోంచి చూడండి.

ఇరుసుకు రెండు వైపులా నాలుకలున్న ప్రత్యేకమైన వాషర్లు ఉంటాయి. ఇరుసు తిరిగిపోకుండా ఆపేవి అవే. మధ్యలోని 20 పళ్ల చక్రం ఇరుసులో భాగమే కదా, ఇరుసు తిరిగితే గేర్లే లేవు. పంక్చర్ వేసేటప్పుడు ఎవరో వాటిని పారేసిన సైకిళ్లు నాకు రెండు తగిలాయి. కొనేటప్పుడే అవి ఉన్నాయో లేదో చూడండి.

ఇంతా చేసి మొదటిసారి రోడ్డెక్కినప్పుడు ఒక అసంతృప్తి కలిగింది. ముందు పళ్లచక్రం 46 పళ్లది, వెనుకది 18 పళ్లది. రెండో గేరులో పెడల్ ఒక చుట్టు తిప్పితే సైకిలు దాదాపు 5.3 మీటర్లు వెళుతుంది. మూడో గేరులో 7.1 మీటర్లు. చదునైన నేల మీద కూడా ఆ మూడో గేరు నా కాళ్లకు అందలేదు. ఎదురుగాలిలో అయితే మొదటి గేరే దిక్కు. వెనుక పళ్లచక్రాన్ని పట్టి ఉంచేది ఒక స్ప్రింగు వలయం మాత్రమే. సన్నటి స్క్రూడ్రైవరుతో దాన్ని లేపి, 22 పళ్ల చక్రం వేశాను. చైను కూడా రెండు లంకెలు పొడవు పెంచాల్సి వచ్చింది. ఇప్పుడు ఒక చుట్టుకు వరసగా 3.3, 4.4, 5.8 మీటర్లు. నా అభిప్రాయంలో పాత మూడు గేర్ల సైకిలుకు చేయగల మార్పుల్లో అతి తక్కువ శ్రమతో అతి ఎక్కువ సుఖం ఇచ్చేది ఇదే. అప్పటిదాకా బరువు బండి అనిపించిన సైకిలు ఆ రోజు నుంచి నాతో పాటు కదిలింది. రోజూ పనికి వెళ్లేది దీని మీదే.

హబ్బు తర్వాత నన్ను బాగా కష్టపెట్టింది కాటర్ పిన్నులు. క్రాంకును, అంటే పెడల్ ఉండే కాడను, ఇరుసుకు బిగించే, ఒక వైపు ఏటవాలుగా చెక్కిన ఆ పిన్నులను సుత్తితో కొట్టి తీయడం అలవాటైన పద్ధతే. ఆ దెబ్బలన్నీ లోపలి బేరింగు గుండ్ల మీదా కప్పుల మీదా పడతాయి. పిన్ను మర చితికిపోతే ఇక డ్రిల్లు పెట్టాల్సిందే. నేను ముందు రోజు సాయంత్రం తుప్పు వదిలించే నూనె పోసి ఉంచాను. నట్టును పూర్తిగా తీయకుండా పిన్ను చివరతో సమానంగా ఉండేదాకా విప్పాను. వస్తువులను రెండు దవడల మధ్య బిగించి పట్టే వైస్‌నే ఇక్కడ ఒత్తడానికి వాడాను. ఒక దవడ నట్టు మీద, రెండో వైపు పిన్ను తల చుట్టూ చిన్న గొట్టం ముక్క. నెమ్మదిగా తిప్పుతుంటే చేతికి బిగువు పెరుగుతూ వచ్చింది, వచ్చింది, ఇక తిరగదనిపించింది. కాసేపు వదిలి క్రాంకును కొద్దిగా వేడిచేసి మళ్లీ పట్టాను. ఠప్పుమని తుపాకీ పేలినట్టు చప్పుడు. పిన్ను గొట్టంలోకి జారింది. కొత్తవి 9.5 మిల్లీమీటర్లవి. వేసేటప్పుడు ఒక పిన్ను ముందుకూ, రెండోది వెనక్కీ వచ్చేలా ఎదురెదురు దిశల్లో దిగాలి, లేకపోతే రెండు పెడళ్లూ ఒకే గీతలో ఉండవు. చదునైన ముఖాన్ని ఆకురాయితో కొద్దికొద్దిగా అరగదీసి సరిపెట్టాను. మొదటి రోజు తొక్కాక నట్టు మరోసారి బిగించాలి.

టైర్ల దగ్గర అంగుళాల లెక్క నమ్మకండి. 26 అంగుళాలు అని రాసి ఉన్న టైర్లు రకరకాల రిమ్ములకు ఉంటాయి, ఒకటి మరొకదానికి పట్టదు. ఈ సైకిలుకు కావాల్సింది 26 x 1 3/8, దాని అసలు కొలత, అంటే రిమ్ము మీద టైరు కూర్చునే చోటి వ్యాసం, 590 మిల్లీమీటర్లు. ఒక దుకాణంలో 26 అనగానే 559 కొలత టైరు చేతిలో పెట్టారు, అది రిమ్ము మీదికి ఎక్కనే లేదు. మార్చి ఇవ్వనన్నారు కూడా. పాత టైరు పక్కగోడ మీద మూడంకెల సంఖ్య ఉంటే దాన్ని రాసుకుని వెళ్లండి. కడ్డీ బ్రేకులున్న పెద్ద 28 అంగుళాల సైకిళ్లకు 635 అడగాలి.

తుప్పు విషయంలో నా మాట సూటిగా చెబుతాను: రంగు గీకించకండి. ఎక్కువమంది సైకిలు కొనగానే ఇసుకతో రుద్దించి కొత్త రంగు వేయిస్తారు. అసలు రంగు, దాని మీది బంగారు గీతలు, అక్షరాలు ఒకసారి పోతే తిరిగి రావు. నేను సబ్బు నీళ్లతో కడిగి, కనబడని చోట ముందు పరీక్షించి, మెత్తటి కార్ల పాలిష్ గుడ్డతో రుద్దాను. దుమ్ము కింద ముదురు ఆకుపచ్చ బయటికి వచ్చింది. క్రోమ్ మీది తుప్పుకు అల్యూమినియం రేకును ఉండ చేసి నీళ్లలో ముంచి రుద్దితే చాలు. నట్లు, వాషర్లు, మడ్గార్డు కడ్డీల వంటి చిన్న ఉక్కు ముక్కలను ఆక్సాలిక్ ఆమ్లం కలిపిన నీళ్లలో రాత్రంతా ఉంచాను. అది తుప్పును కరిగిస్తుంది. విషపదార్థం కాబట్టి చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. పొడి ఎగరకూడదు, పిల్లలకు అందకూడదు. తీశాక వంటసోడా నీళ్లలో కడిగి వెంటనే ఆరబెట్టి నూనె పూయాలి.

పాత విడిభాగాలను మాత్రం తొందరపడి పారేయవద్దు. రాలీ కంపెనీ పాత బండ్లు చాలావాటిలో క్రాంకు ఇరుసు కప్పుల మరలు అంగుళానికి 26 చుట్లవి. మామూలుగా దొరికే ఇంగ్లీషు కొలత 24 చుట్లది. కొత్త కప్పు బిగించబోయి ఫ్రేము మరలు చెడగొట్టుకున్నవారు ఉన్నారు. నా కప్పులు అరగలేదు, గుండ్లు మాత్రం మార్చాను. పావు అంగుళం గుండ్లు, ఒక్కోవైపు 11. ముందు చక్రంలో స్టర్మీ ఆర్చర్ వారి డైనమో హబ్బు, అంటే లైటుకు కరెంటు పుట్టించే హబ్బు, ఉన్న సైకిలు మీకు దొరికితే, అయస్కాంతాన్ని దాని లోపలి భాగం నుంచి ఊరికే బయటికి లాగకండి. ఇనుప వలయం తోడు లేకుండా బయటికొస్తే అది శక్తి కోల్పోతుంది.

ఈ హబ్బులో నాకు నచ్చనివి లేకపోలేదు. బరువైనది. పంక్చర్ పడితే గేరు గొలుసు విప్పి, పానాతో రెండు నట్లూ తీసి, మళ్లీ కిటికీలోంచి సరిచూసుకోవాలి. ఎత్తైన కొండలెక్కేవారికి మూడు గేర్లు చాలవు. క్రోమ్ ఉక్కు రిమ్ములు తడిస్తే బ్రేకులు సరిగ్గా పట్టవు, అది హబ్బు తప్పు కాకపోయినా ఈ తరం సైకిళ్లన్నిటిలో ఉన్నదే. వాన పడుతున్నప్పుడు నేను చాలా ముందునుంచే బ్రేకు పట్టుకుంటాను. అయితే ఆగి ఉన్న చోటనే గేరు మార్చగలగడం మాత్రం చైను పక్కకు జరిపే గేర్లలో లేని సుఖం. కూడలి దగ్గర మూడో గేరులో ఆగిపోయినా, పెడల్ ఒక్క క్షణం వదిలి మీట నొక్కితే మొదటి గేరులో బయల్దేరవచ్చు. యంత్రభాగాలన్నీ లోపలే ఉండడంతో దుమ్ము, బురద వాటి దాకా వెళ్లవు. ఇరవై ఏళ్లు షెడ్డులో పడి ఉండి మూడు రోజుల నూనెతో లేచిందంటే కారణం అదే.

పాత సైకిలు బాగుచేయడం మొదలుపెట్టేవారెవరైనా అడిగితే నేను ఏడబ్ల్యూ హబ్బు ఉన్న సాదా సైకిలుతోనే మొదలుపెట్టమంటాను. హబ్బు మీది తేదీని సైకిలు వయసని మాత్రం అనుకోవద్దు, చక్రం మధ్యలో మార్చి ఉండవచ్చు.

నా హబ్బులో ఒక పని ఇంకా మిగిలింది. చెవి దగ్గరగా పెట్టి వింటే టిక్కుల్లో ఒకటి మరోదానికన్నా కొంచెం మందంగా వినబడుతోంది. మొదటి గేరు కొక్కేల స్ప్రింగుల్లో ఒకటి బలహీనపడింది అనుకుంటాను. కొత్త స్ప్రింగుల జత తెచ్చి సీసా మూతలో పెట్టాను. వచ్చే వారం ఇరుసు బయటికి తీస్తాను.